భిన్నాల లెక్కలు – ఐదో పాఠం: భిన్నాన్ని భిన్నంతో భాగించడం

గత పాఠంలో గుణకారం పూర్తయింది కనుక ఇక భాగహారం చూద్దాం. "రెండో భిన్నాన్ని తలకిందులు చేసి గుణించాలి" అన్న సూత్రం మీలో చాలామందికి నోటికి వచ్చే ఉంటుంది గానీ, ఎందుకు తలకిందులు చేయాలని అడిగితే సాధారణంగా జవాబు రాదు. అందుచేత ఆ సూత్రాన్ని కాసేపు పక్కన పెడదాం.

12ను 3తో భాగించడమంటే 12లో ఎన్ని మూళ్ళు ఉన్నాయో చూడడమే. భిన్నాలకూ అదే అర్థం. 3 ÷ 1/4 అంటే మూడింటిలో పావులు ఎన్ని అని ప్రశ్న. ఒక్కొక్కదానిలో నాలుగేసి పావులు ఉంటాయి కనుక జవాబు 12. భాగిస్తే తగ్గాలి కదా అన్న అనుమానం ఇక్కడే పుడుతుంది. కొలిచే ముక్క ఒకటి కంటే చిన్నదైతే ఎక్కువసార్లు కొలవవలసి వస్తుంది, కాబట్టి పెరగడమే సబబు.

ఇప్పుడు 3/4 మీటరు రిబ్బనులో 2/3 మీటరు ముక్కలు ఎన్ని వస్తాయో చూద్దాం. కూడికలో చేసినట్టే 4, 3ల క.సా.గు. 12ను హారంగా తీసుకుంటే అవి 9/12, 8/12 అవుతాయి. రెండూ పన్నెండో వంతులే అయ్యాక హారాలతో పని తీరింది. 9లో ఎనిమిదులు ఎన్ని అన్నదే మిగిలింది, జవాబు 9/8. ఆ 9 వచ్చింది 3 × 3 నుంచి, 8 వచ్చింది 4 × 2 నుంచి. అంటే మనకు తెలియకుండానే 3/4 × 3/2 చేశాం. హారాలను సమం చేసే శ్రమను తప్పించే దగ్గరి దారే ఆ సూత్రం. గణితవేత్త బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లోనే దాన్ని రాసిపెట్టాడు.

9/8 అంటే 1⅛. అయితే ఒక ముక్క కోశాక మిగిలే రిబ్బను 3/4 − 2/3 = 1/12 మీటరు మాత్రమే. మరి ⅛ ఎక్కడిది? అది మీటరులో ఎనిమిదో వంతు కాదు, 2/3 మీటరు ముక్కలో ఎనిమిదో వంతు. భాగఫలాన్ని ఎప్పుడూ విభాజకంతోనే, అంటే దేనితో భాగిస్తున్నామో దానితోనే కొలుస్తాం. ఈ తేడా పట్టుబడనంతవరకు మాటల లెక్కల్లో తికమక తప్పదు.

తలకిందులు చేయవలసింది విభాజకాన్ని మాత్రమే. కొట్టివేతలు ఆ తరువాతే. మిశ్రమ భిన్నం ఉంటే ముందుగా అపక్రమ భిన్నంగా మార్చుకోవాలి.

అభ్యాసం: 5/6 ÷ 1/4, 1½ ÷ 2/5 లెక్కలను మొదట హారాలు సమం చేసి, తరువాత సూత్రంతో చేయండి. జవాబులు 3⅓, 3¾ రావాలి. రెండింటిలోనూ పూర్తి ముక్కలు తీశాక ఎంత మిగులుతుందో కూడా రాయండి.