ఎస్‌యూవీయా, సెడానా? లోపలి చోటునూ సుఖాన్నీ మీరే కొలిచి తేల్చుకోవడం ఎలా

టయోటా షోరూమ్‌లో ఎత్తయిన ఎస్‌యూవీ ఫార్చ్యూనర్, డిక్కీ విడిగా ఉండే సెడాన్ కామ్రీ పక్కపక్కన నిలిపి ఉంటే, వీటిలో ఏది విశాలమని అడగగానే ఇంటిల్లిపాదీ ఫార్చ్యూనర్ వైపే వేలు చూపిస్తారు. ఎత్తును చూసి విశాలమనుకోవడం కంటికి అలవాటు. కాగితం మీది కొలతలు మాత్రం వేరే మాట చెబుతాయి. ఫార్చ్యూనర్ పొడవు 4,795 మిల్లీమీటర్లు కాగా కామ్రీ పొడవు 4,920. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ నడుమ ఉండే దూరం, అంటే వీల్‌బేస్, ఫార్చ్యూనర్‌కు 2,745, కామ్రీకి 2,825. వెడల్పులో ఫార్చ్యూనర్‌కు ఉన్న ఆధిక్యం 15 మిల్లీమీటర్లు, చిటికెన వేలి మందం. అది నిజంగా మించినది ఎత్తులోనే: 1,455కు 1,835. పై రకాల ఎక్స్‌షోరూమ్ ధరలు రెండింటికీ 50 లక్షల రూపాయలకు అటూ ఇటూగా ఉంటాయి కనుక, ఎస్‌యూవీకీ లగ్జరీ సెడాన్‌కూ మధ్య ఊగిసలాడేవారికి ఈ జంటను మించిన ఉదాహరణ దొరకదు. పద్ధతి మాత్రం ఏ రెండు బళ్ళకైనా ఒకటే.

షోరూమ్‌కు వెళ్ళే ముందే ఇంట్లో కూర్చుని, గడచిన ఏడాదిలో మీరు చేసిన ప్రయాణాలను గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాయండి: ఎంతమంది వెళ్ళారు, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, దారి ఎలాంటిది. సంక్రాంతికి ఏడుగురం కలిసి ఊరెళ్ళామన్న జ్ఞాపకం, మిగిలిన మూడు వందల పైచిలుకు రోజులు ఇద్దరో ముగ్గురో తిరిగారన్న సంగతిని మరుగున పడేస్తుంది. ఏటా రెండుసార్లు వచ్చే ఆ ప్రయాణానికి బండిని అద్దెకు తీసుకోవడమే చౌక అన్నది నా అభిప్రాయం.

వెళ్ళేటప్పుడు ఒక స్టీలు టేపు, ఇంట్లో అందరికంటే పొడవైన మనిషి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు, మీరు నిజంగా వాడే రెండు సూట్‌కేసులు వెంట ఉండాలి. ఎండాకాలమైతే మిట్టమధ్యాహ్నమే వెళ్ళండి. కారణం ఏసీ దగ్గర చెబుతాను.

బ్రోచర్‌లో లెగ్‌రూమ్, అంటే కాళ్ళకు ఉండే చోటు, అని వేసిన అంకెను ముందుగా పక్కన పెట్టండి. ముందు సీటును ఎక్కడ ఉంచి కొలిచారన్నదాన్ని బట్టి వెనుక సీటు అంకె మారిపోతుంది, ఆ చోటు మీ ఇంటి మనిషి కూర్చునే చోటు కానక్కరలేదు. పొడవైన మనిషిని డ్రైవర్ సీటులో కూర్చోబెట్టి, బ్రేకును నిండుగా తొక్కగలిగేలా సీటు సర్దించండి. ఆయన దిగకుండానే మీరు వెనుక కూర్చుని, నడుమును సీటుకు పూర్తిగా ఆనించి, మోకాలి నుంచి ముందు సీటు వీపు వరకు టేపు పట్టండి. నా లెక్కలో నాలుగు వేళ్ళ సందు గంట ప్రయాణానికి చాలు; హైదరాబాదు నుంచి తిరుపతికి వెళ్ళాలంటే జానెడు కావాలి. ఫార్చ్యూనర్ రెండో వరుస సీటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది కనుక, దాన్ని వెనక్కి నెట్టి ఒకసారి, మూడో వరుసలో మనిషి పట్టేలా ముందుకు జరిపి మరొకసారి కొలవాలి. రెండో కొలతే అసలైనది.

మోకాలి ముందు చోటున్నంత మాత్రాన సుఖం ఉన్నట్టు కాదు. చేతిని తొడ కిందికి పోనిచ్చి చూడండి. అరచెయ్యి సులువుగా దూరిపోతే ఆ సీటు మీ తొడను మోయడం లేదన్నమాట. ల్యాడర్ ఫ్రేమ్, అంటే నిచ్చెన ఆకారపు ఉక్కు చట్రం, మీద కట్టిన ఫార్చ్యూనర్ వంటి బళ్ళలో ఫ్రేమ్ పైన నేల పరవాలి కాబట్టి నేల ఎత్తుగా ఉంటుంది. సీటును కూడా అంతే ఎత్తుకు లేపకపోతే మోకాళ్ళు పైకి లేచి, ఒంటి బరువంతా నడుము కింది భాగం మీద పడుతుంది. సెడాన్‌లో కప్పు తక్కువ కనుక సీటును కిందికి దించుతారు, అందుచేత అక్కడా అదే చిక్కు వస్తుంది. అయితే కాళ్ళు ముందుకు చాచుకునేంత పొడవు ఉంటే తొడలు మళ్ళీ సీటుకు ఆనతాయి. వీల్‌బేస్ విలువ తెలిసేది ఇక్కడే. మెర్సిడెస్ బెంజ్ సంస్థ ఈ-క్లాస్‌ను మన దేశంలో 2017 నుంచి పొడిగించిన వీల్‌బేస్‌తో అమ్ముతున్నదీ, 2024లో వచ్చిన కొత్త ఈ-క్లాస్‌కు దాన్ని 3,094 మిల్లీమీటర్లు చేసినదీ, అదే ఏడాది బీఎండబ్ల్యూ తన 5 సిరీస్‌ను 3,105 మిల్లీమీటర్లతో తెచ్చినదీ, వెనుక సీటులో కూర్చునే యజమానుల కోసమే. అయితే ఆ రెండింటిలోనూ నేల మధ్య గుండా ఎత్తయిన గట్టు పోతుంది కనుక, వెనుక మధ్యలో కూర్చున్న వారికి కాళ్ళు పెట్టుకునే చోటు కరవు.

తల పైన పిడికిలి పట్టేంత చోటు ఉంటే చాలు. ఆపైన ఉన్నది చూపుకు హాయి, ఒంటికి ఉపయోగం లేదు. సన్‌రూఫ్ ఉన్న రకం కొనేటట్లయితే ఆ రకంలోనే కూర్చుని చూడండి.

ఇక మూడో వరుస. కామ్రీ 2,825 మిల్లీమీటర్ల వీల్‌బేస్‌లో రెండు వరుసలు అమర్చితే, ఫార్చ్యూనర్ అంతకంటే 80 మిల్లీమీటర్లు తక్కువ ఉన్న వీల్‌బేస్ మీద మూడు వరుసలు అమర్చింది. చోటు ఎక్కడి నుంచి తీశారో అర్థమవుతూనే ఉంది: మూడో వరుస వెనుక ఇరుసు దగ్గరికి చేరింది, కుదుపు అన్నిటికంటే ఎక్కువగా తెలిసేది కూడా అక్కడే. పిల్లలను కాకుండా పెద్దవారినొకరిని అక్కడ పది నిమిషాలు కూర్చోబెట్టి, దిగాక వారు చెప్పే మాట వినండి.

ఎక్కి దిగడాన్ని చాలామంది ఒక్కసారి చూసి వదిలేస్తారు. పెద్దవారి చేత, చీర కట్టుకునేవారైతే చీరతోనే, వరుసగా అయిదుసార్లు ఎక్కించి దింపించండి. సీటు నిలుచున్న మనిషి తుంటి ఎత్తుకు దగ్గరగా ఉంటే పక్కకు జరిగి కూర్చుంటే సరిపోతుంది. ఫార్చ్యూనర్‌లోకి మెట్టు మీద కాలు పెట్టి, పిడిని పట్టుకుని ఎక్కాలి. కామ్రీలోకి తల వంచి దిగినట్టు కూర్చోవాలి, లేచేటప్పుడు మోకాళ్ళ మీద భారం పడుతుంది. ఎక్కడం కష్టమయ్యే వారు కొందరు, లేవడం కష్టమయ్యే వారు కొందరు. మీ ఇంటి పెద్దవారు ఏ రకమో వారి మోకాళ్ళే చెప్పాలి.

డిక్కీని లీటర్లలో చెప్పే పద్ధతుల్లో ఒకటి, 200, 100, 50 మిల్లీమీటర్ల కొలతలున్న ఒక లీటరు దిమ్మెలను పేర్చి లెక్కించడం. ఆ దిమ్మెలు దూరే మూలల్లో సూట్‌కేసు దూరదు, అందుకే మీవి వెంట తెమ్మన్నాను. ఫార్చ్యూనర్‌లో మూడో వరుస సీట్లు మడిస్తే రెండు పక్కలకూ లేచి నిలబడి వెడల్పును కొంత తినేస్తాయి. వాటిని వాడుకలో ఉంచితే సామానుకు మిగిలేది కొద్దిపాటి చోటే. కామ్రీ హైబ్రిడ్, అంటే ఇంజిన్‌తో పాటు విద్యుత్ మోటారు కూడా ఉన్న బండి; దాని బ్యాటరీ వెనుక సీటు కింద ఉంది కాబట్టి డిక్కీ అంతా మీ సామానుకే. సెడాన్ డిక్కీ వేరే గది వంటిది కావడం వల్ల ఇంకో లాభమూ ఉంది: ఊరి నుంచి తెచ్చుకునే ఆవకాయ జాడీ, పనసపండు వాసన దారి పొడవునా మనతో పాటు కూర్చోదు.

టెస్ట్ డ్రైవ్‌లో మీరు నడపడం సగం పని మాత్రమే. మిగతా సగం వెనుక కూర్చుని చేయాలి. బయలుదేరే ముందు టైర్లలో గాలి, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద రాసినంతే ఉందో లేదో చూపించమనండి, గాలి ఎక్కువైతే మంచి సస్పెన్షన్, అంటే కుదుపులను అణిచే అమరిక, కూడా గట్టిగా అనిపిస్తుంది. రెండు బళ్ళనూ ఒకే దారిలో, ఒకే వేగాలతో పోనివ్వాలి: స్పీడ్ బ్రేకర్ మీద 15, అతుకులేసిన రోడ్డు మీద 40, ఫ్లైఓవర్ కీళ్ళ మీద 60 కిలోమీటర్లు. కర్ర మొదలు కాస్త కదిలితే కొస ఎక్కువ కదిలినట్టు, బండి ఒకే మేర ఒరిగినా ఎత్తులో కూర్చున్న వారి తల ఎక్కువగా ఊగుతుంది. తిరుమల, మారేడుమిల్లి ఘాట్ రోడ్లలో వాంతులయ్యే వారు ఇంట్లో ఉంటే ఈ తేడా చిన్నది కాదు. ఫార్చ్యూనర్ వెనుక చక్రాలను కలిపేది ఒకే గట్టి ఇరుసు కనుక ఒక చక్రం గుంటలో పడితే రెండోదీ కదులుతుంది, పక్కలకు తోసినట్టుంటుంది. కామ్రీలో ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదులుతుంది. అయితే పెద్ద గుంటల దగ్గర కథ తిరగబడుతుంది. ఫార్చ్యూనర్‌కు వేసే 265/60 ఆర్18 కొలత టైరులో రబ్బరు గోడే, వెడల్పు 265లో 60 శాతం, అంటే 159 మిల్లీమీటర్లు ఉంటుంది, అడుగు తగులుతుందన్న భయం ఉండదు. నలుగురు కూర్చుని సామాను ఎక్కించిన సెడాన్‌ను మీ వీధి స్పీడ్ బ్రేకర్ మీద ఒకసారి దాటించి, శబ్దం వస్తుందేమో వినండి.

చప్పుడు విషయంలో నేను సెడాన్ పక్షమే. వెనుక సీటు వీపు, దాని వెనుక పలక కలిసి చక్రాల శబ్దానికి గోడ కడతాయి, ఎస్‌యూవీలో సామాను చోటు మన గదిలోనే కలిసి ఉంటుంది. పైగా కామ్రీ నిదానంగా పోతున్నప్పుడు చాలాసార్లు ఇంజిన్ ఆగి మోటారుతోనే నడుస్తుంది. ఏసీకి పరీక్ష ఎండలో నిలిపిన బండిలోనే: తలుపులు మూసి, ఏసీ వేసి, చివరి వరుసలోని వారి ముఖానికి చల్లదనం చేరడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. ఎక్కువ గాలిని, ఎక్కువ అద్దాన్ని చల్లబరచాల్సిన బండికి సహజంగా ఎక్కువ సమయం పడుతుంది.

ఇంటికి వచ్చాక ప్రతి అంశానికీ మార్కులు వేసి, మొదట రాసుకున్న ప్రయాణాల కాగితంతో పోల్చండి. ఏడాదికి రెండు వందల రోజులు వాడే సీటు మార్కులకు, రెండు రోజులు వాడే సీటు మార్కులకు ఒకే విలువ ఇవ్వకండి. రెండు బళ్ళూ మీ కాగితానికి సరిపడకపోతే, అదే షోరూమ్‌లో వీటికంటే తక్కువ ధరకు దొరికే ఇన్నోవా హైక్రాస్ ఉంది. దాని వీల్‌బేస్ 2,850 మిల్లీమీటర్లు, ఈ రెండింటికంటే ఎక్కువ. టేపు ఎలాగూ జేబులోనే ఉంటుంది కనుక దాన్నీ ఇదే వరుసలో కొలిచి రావచ్చు.