చీకటి వేటలో సముద్రం వెలగడం చూడాలంటే

బరంపురం నుంచి మా ఇంటికి ఏ చుట్టం వచ్చినా అడిగేది ఒకటే, "రాత్రి సముద్రం వెలుగుతుందంట కదా, ఎప్పుడు తీసుకెళ్తావ్?" అని. తీసుకెళ్ళడం పెద్ద పని కాదు, తీసుకెళ్ళాక చేతిలో ఫోన్ ఆపించడమే పెద్ద పని. చాలామంది ఏమీ చూడకుండా తిరిగొచ్చేది ఆ ఫోన్ వల్లే.

ముందు తిథి చూసుకోండి. బహుళ దశమి నుంచి శుద్ధ చవితి దాకా పనికొస్తుంది, అమావాస్య అయితే మరీ మంచిది. వెన్నెల్లోనూ నీళ్ళు మెరుస్తాయి గానీ కంటికి ఆనదు. ఒడిశాలోని మా గంజాం తీరంలో నేనైతే మార్చి, ఏప్రిల్ మీదే ఆశ పెట్టుకుంటాను. 2005 ఏప్రిల్‌లో రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఈ వెలుగునిచ్చే నాక్టిల్యూకా అనే జీవి విపరీతంగా పెరిగి నీళ్ళు ఎర్రబడ్డాయి కూడా. పగలు చేపల వేటకెళ్ళినవాళ్ళని అడిగితే సగం పని అయిపోతుంది. నీళ్ళ మీద పలచటి టమాటా చారు ఒలికినట్టు చారలు కనిపించాయంటే ఆ రాత్రి వదలొద్దు.

రుషికుల్య వైపు మాత్రం ఆ నెలల్లో వేటకి వెళ్ళకండి. తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా అక్కడ నిషేధం ఉంటుంది, ఒడ్డున టార్చి వేసినా గుడ్లు పెట్టడానికొచ్చిన తల్లి తాబేలు బెదిరిపోతుంది. గోపాల్‌పూర్ బీచ్‌లో లైట్లు ఎక్కువ. బాహుదా నది మొగ దగ్గరి సోనాపూర్ మాకు అలవాటైన చోటు. బయల్దేరే ముందు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళిచ్చే అలల సమాచారం చూసుకోండి, లైఫ్ జాకెట్ వేసుకోండి, ఈ రెండింటి మీద బేరాల్లేవు.

బోటు నడిపేవాళ్ళకి ముందే చెప్పి, ఒడ్డు లైట్లు వెనకపడ్డాక ఇంజన్ ఆపించండి. ట్రాలర్లు తిరిగే చోటైతే బోటు లైటు ఆర్పకండి, దానికి వీపు పెట్టి కూర్చోండి. ఇరవై నిమిషాలు ఓపిక పట్టాలి, కళ్ళు చీకటికి అలవాటు పడటానికి అంత టైమ్ పడుతుంది, మధ్యలో ఎవరో ఒకరు మెసేజ్ వచ్చిందని స్క్రీన్ వెలిగించారంటే మళ్ళీ మొదటికే. ఆ తర్వాత తెడ్డు ముంచి ఒక్కసారి తిప్పండి. నాక్టిల్యూకా ఒకే ఒక్క కణం, ఎంత పెద్దదైనా ఉప్మా రవ్వ పలుకంత. కుదుపు తగిలితే దాని లోపల లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలిసి సెకనులో పదోవంతు సేపు మెరుస్తుంది. అలాంటివి లక్షల్లో ఉంటాయి కాబట్టి తెడ్డు వెనక తోకలా వెలుగు సాగుతుంది. ఫొటోల్లో చూసినంత నీలంగా ఉంటుందనుకుంటే నిరాశే, అంత తక్కువ వెలుగులో మన కళ్ళకి రంగులు సరిగ్గా తెలియవు, పాల తెలుపులాగే కనిపిస్తుంది.

ఫొటో కావాలంటే బోటులో ప్రయత్నించకండి, ఊగుతుంది. ఒడ్డున స్టాండు మీద పది సెకన్ల ఎక్స్‌పోజర్ పెట్టుకోండి. మా బావమరిది బోటులోంచి వంగి తీయబోయాడు, ఫోన్ నీళ్ళలో పడిపోయింది. పోతూపోతూ అది కూడా ఒక వెలుగు చార గీసుకుంటూ పోయింది, వాడి ముందు నవ్వలేకపోయాను.

అసలు చూడాల్సింది వల లాగేటప్పుడు. మామయ్య వల పైకి లాగుతుంటే కన్ను కన్నుకీ, ముడి ముడికీ ఒక నలుసు మెరిసి ఆరిపోతుంది, మోచేతి దాకా కారే నీళ్ళలో కూడా చుక్కలే. మాకది వింత, ఆయనకి చిరాకు. వల అలా వెలిగితే చేప దూరం నుంచే చూసి తప్పుకుంటుంది, "ఇవాళ డీజిలు డబ్బులు కూడా రావురా" అంటాడు. కానీ అదే వెలుగు ఇంకోలా పనికొస్తుంది. కవళ్ళ (సార్డిన్ చేపల) గుంపు కింద ఉందేమోనని తెడ్డుతో బోటు అంచు మీద ఠక్కున కొడతాడు, చేపలు ఉలిక్కిపడి కదిలితే నీళ్ళలో చాప పరిచినంత మేర ఒక్కసారి తెల్లగా మెరుస్తుంది. నేను ఎన్నిసార్లు కొట్టినా నాకు నురగే కనిపిస్తుంది, ఆయన మాత్రం గుంపు ఎటు మళ్ళిందో కూడా చెప్పేస్తాడు.

ఆ నీళ్ళలో ఈతకి దిగకండి, చీకట్లో జెల్లీ చేపలు తెలియవు. తడిసిన చేతులు మంచినీళ్ళతో కడుక్కోండి, నాకైతే ఒకసారి రాత్రంతా దురద పెట్టింది. పిల్లలకి చూపించాలంటే ఒక బకెట్ నీళ్ళు తెచ్చుకుంటే చాలు, గదిలో లైటు ఆర్పి చేత్తో కదపండి. వరసగా కలుపుతూ ఉంటే వెలుగు తగ్గిపోతుంది, కాసేపు వదిలేస్తే మళ్ళీ కాస్త వస్తుంది. తెల్లారేలోపు పారబోసేయండి, ఆ జీవుల్లో అమ్మోనియా ఉంటుంది. మొన్న మేం మర్చిపోతే పొద్దున్నే అత్త ఆ బకెట్ ముందు ముక్కు మూసుకుని నిలబడి ఉంది.