రోటిసరీ చికెన్ కొనాలా, ఇంట్లోనే కాల్చాలా?

ఊచకు గుచ్చి తిప్పుతూ కాల్చడం వల్లే రోటిసరీ చికెన్ అంత మెత్తగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అసలు పని అంతకుముందే జరిగిపోతుంది. దుకాణాలకు వచ్చే కోళ్లలో చాలావాటికి కాల్చే ముందే సూదులతో లోపలికి ఉప్పునీళ్లు ఎక్కిస్తారు. అందులో చక్కెర, ఫాస్ఫేట్లు, పిండిపదార్థం కూడా తరచుగా ఉంటాయి. ఉప్పు, ఫాస్ఫేట్లు కలిసి మాంసంలోని ప్రోటీన్లు నీటిని వదలకుండా పట్టుకునేలా చేస్తాయి. అందుకే కాల్చిన కోడి వార్మర్‌లో, అంటే దుకాణంలో వేడిగా ఉంచే పెట్టెలో, చాలాసేపు ఉన్నా మరీ ఎండిపోదు. ఊచ తిరగడం వల్ల వచ్చే లాభం వేరు: కరిగిన కొవ్వు ఒకవైపే కారిపోకుండా కోడి చుట్టూ పాకి, స్కిన్ అన్నివైపులా ఒకేలా ఎర్రబడుతుంది.

ఇంట్లో చేసింది చప్పగా, పీచుగా వస్తోందంటే చాలాసార్లు తప్పు ఓవెన్‌ది కాదు. ఉప్పు ముందుగా పట్టించకపోవడం, బ్రెస్ట్‌ను అవసరానికి మించి ఉడకనివ్వడం, ఈ రెండే కారణాలు. రెండూ మన చేతిలో ఉన్నవే.

ఏది ఎప్పుడు?

మాంసాన్ని పీచులుగా విడదీసి సూప్‌లోనో శాండ్‌విచ్‌లోనో వేసేటట్టయితే కొనుక్కోవడమే తెలివైన పని. అక్కడ కరకరలాడే స్కిన్‌తో పనిలేదు, మెత్తటి మాంసం ఉంటే చాలు. ముక్క ముక్కగా ప్లేట్లో వడ్డించాలన్నా, ట్రేలో కారిన రసంతో గ్రేవీ చేయాలన్నా ఇంట్లో కాల్చినదానికి సాటి లేదు. బీపీ ఉండి ఉప్పు తగ్గించుకోవాల్సినవాళ్లకైతే ఇంటిదే సరైనది. లోపలికి ఎక్కించిన ఉప్పును స్కిన్ తీసేసినా, కడిగినా వదిలించలేం.

కొనేటప్పుడు

ముందు డబ్బా మీద కాల్చిన సమయం ఉందేమో చూడండి. ఉంటే అన్నిటికంటే తాజాది తీసుకోండి. స్కిన్ ముడతలు పడి, బ్రెస్ట్ దగ్గర చీలి, అడుగున రసం బాగా చేరి ఉంటే అది వార్మర్‌లో ఎక్కువసేపు ఉన్నదని అర్థం. పదార్థాల జాబితా, ఉప్పు ఎంతో చదవండి. మిగతా సరుకులన్నీ అయ్యాక చివర్లో చికెన్ తీసుకోండి, ఎందుకంటే వేడి మీంచి తీసిన 2 గంటల్లోపు తినేయాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టేయాలి.

ఇంటికి రాగానే మూత తీసేయండి. మూసిన డబ్బాలో ఆవిరి చేరి స్కిన్‌ను మెత్తబరుస్తుంది. మాంసాన్ని గోరువెచ్చగా ఉన్నప్పుడే ఎముకల నుంచి విడదీయండి. చల్లబడితే లోపలి రసం జెల్లీలా గట్టిపడి, మాంసం ఎముకను పట్టుకుని వదలదు. పైగా కోడిని వేడివేడిగా మొత్తంగా ఫ్రిజ్‌లో పెడితే నడిమి భాగం చల్లబడటానికి చాలా సమయం పడుతుంది, బ్యాక్టీరియా పెరగడానికి అదే అవకాశం. విడదీసిన మాంసాన్ని వెడల్పాటి డబ్బాలో పలుచగా పరిచి, అడుగున మిగిలిన రసం పైన పోసి ఫ్రిజ్‌లో పెడితే 3–4 రోజులు బాగుంటుంది. స్కిన్ పారేయకండి. ట్రే మీద పరిచి 200 డిగ్రీల సెల్సియస్‌లో 8–10 నిమిషాలు ఉంచితే మళ్లీ కరకరలాడుతుంది.

ఈ మాంసంతో ఏది వండినా మామూలుగా వేసే ఉప్పులో సగమే వేసి, రుచి చూశాకే మిగతాది కలపండి.

ఇంట్లో కాల్చేటప్పుడు

స్కిన్‌తో ఉన్న 1.5 కిలోల కోడి తీసుకోండి. ఫ్రీజర్‌లోదైతే ఒక రోజు ముందే ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి; బయట గట్టు మీద పెట్టి కరిగిస్తే లోపల గడ్డ కరిగేలోపు పైభాగం పాడవుతుంది. పచ్చి కోడిని కుళాయి కింద కడగొద్దు. ఆ తుంపర్లతో సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ లాంటివి సింకు, గిన్నెల మీదికి చేరతాయి. వాటిని చంపేది వేడి, నీళ్లు కాదు. టిష్యూ పేపర్‌తో లోపలా బయటా తడి లేకుండా అద్దితే చాలు.

ఉప్పును తూకం వేసి తీసుకోండి. కోడి బరువులో ఒక శాతం, అంటే 1.5 కిలోలకు 15 గ్రాములు, మెత్తటి ఉప్పైతే దాదాపు రెండున్నర టీస్పూన్లు. సగం ఉప్పును వేళ్లతో స్కిన్ వదులు చేసి దాని కింద నేరుగా మాంసానికి పట్టించండి, మిగతాది పైనా, లోపలా. తర్వాత మూత పెట్టకుండానే ఫ్రిజ్ అట్టడుగు అరలో 12 నుంచి 24 గంటలు ఉంచండి. మొదట ఉప్పు మాంసంలోని నీటిని బయటికి లాగుతుంది. ఆ నీళ్లలోనే కరిగి, మెల్లగా తిరిగి లోపలికి ఇంకుతుంది. ఫ్రిజ్ గాలికి స్కిన్ ఎండుతుంది, కరకరలాడటానికి ఆ ఎండటమే మూలం. ఉప్పు రాసి గంటలోపే ఓవెన్‌లో పెడితే పైకి ఊరిన తడి అక్కడే ఉండిపోయి స్కిన్ సరిగా ఎర్రబడదు.

ఇక అసలు చిక్కు. బ్రెస్ట్ లోపలి వేడి 74 డిగ్రీలకు చేరితే తినడానికి సిద్ధం, అది దాటేకొద్దీ ఎండిపోతుంది. తొడ భాగంలో పట్టుగా ఉండే పొరలు కరిగి మెత్తబడాలంటే 80–85 డిగ్రీలు కావాలి. కోడిని మొత్తంగా పెడితే బ్రెస్ట్ పైకి లేచి వేడంతా తనే తీసుకుంటుంది, తొడలు కింద దాక్కుంటాయి. కాళ్లు కలిపి కడితే తొడలు ఇంకా ఆలస్యమవుతాయి. అందుకే వెన్నెముకకు రెండువైపులా గట్టి కత్తెరతో కోసి దాన్ని తీసేయండి. కోడిని బోర్లించి కాకుండా బ్రెస్ట్ పైకి ఉండేలా పెట్టి, నడిమి ఎముక మీద అరచేత్తో గట్టిగా నొక్కి పరచండి. ఇప్పుడు తొడలకూ నేరుగా వేడి తగులుతుంది. పైన కొంచెం నూనె రాసి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 220 డిగ్రీల దగ్గర 40–50 నిమిషాలు. ట్రే అడుగున ఉల్లిపాయ, బంగాళదుంప ముక్కలు పరవండి. ఖాళీ ట్రే మీద పడిన కొవ్వు మాడి పొగ వస్తుంది.

తేనె, చక్కెర ఉన్న పూతలను చివరి 10 నిమిషాల్లోనే రాయండి, ముందే రాస్తే కోడి ఉడికేలోపు నల్లగా మాడతాయి.

ఉడికిందో లేదో రంగు చూసి చెప్పలేం. లేత కోళ్లలో ఎముక లోపలి మూలుగ రంగు బయటికి దిగి, పూర్తిగా ఉడికాక కూడా ఎముక పక్కన ఎర్రగానే కనిపించవచ్చు. మీట్ థర్మామీటర్ కొనుక్కోవడం ఈ వంటలో పెట్టే అతి మంచి ఖర్చు. తొడ మందంగా ఉన్నచోట, బ్రెస్ట్ నడుమ ఎముకకు తగలకుండా గుచ్చి చూడండి. బయటికి తీశాక 10–15 నిమిషాలు ఆగి కోయండి. ఫాయిల్‌తో బిగించి మూయొద్దు, ఇంతసేపూ సాధించిన స్కిన్ ఆవిరికి మెత్తబడిపోతుంది.

మీ ఓవెన్‌లో తిరిగే ఊచ ఉంటే 1.2 కిలోలు మించని కోడి చాలు. వెన్నెముక తీయకుండా ఊచ సరిగ్గా మధ్యలోంచి వెళ్లేలా గుచ్చి, ఇక్కడ మాత్రం రెక్కలు, కాళ్లు దారంతో బిగించి కట్టాలి. బరువు ఒకవైపు ఉంటే ఊచ కుదుపులతో తిరిగి ఒక పక్క మాడుతుంది, వేలాడే రెక్క వేడి కడ్డీలకు తగులుతుంది. 200 డిగ్రీల్లో గంట నుంచి గంటంపావు పడుతుంది, తీయాల్సింది మాత్రం థర్మామీటర్ చూసే.

మిగిలింది వేడి చేయాలంటే

ముక్కల మీద రెండు చెంచాల నీళ్లో రసమో చల్లి, ఫాయిల్ కప్పి 175 డిగ్రీల్లో 20 నిమిషాలు. మధ్యలో 74 డిగ్రీలు రావాలి. స్కిన్ ఉన్న ముక్కలైతే చివరి 5 నిమిషాలు ఫాయిల్ తీసేయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన మాంసానికి వచ్చే పాత వాసన కొవ్వు గాలితో చర్య జరపడం వల్ల పుడుతుంది, వేడి చేసినప్పుడు ఇంకా తెలుస్తుంది. సలాడ్‌లో చల్లగానే వేసుకుంటే ఆ బాధ తక్కువ.

ఎముకలు కొన్న కోడివైనా ఇంటివైనా లీటరున్నర నీళ్లలో సన్నమంట మీద 3 గంటలు, లేదా ప్రెషర్ కుక్కర్లో 45 నిమిషాలు మరిగించి వడకట్టండి. కొన్న కోడి ఎముకల నీళ్లలో ఉప్పు ముందే దిగి ఉంటుంది. వాటిని ఇంకించి చిక్కబరిస్తే ఉప్పదనం కూడా పెరుగుతుంది కాబట్టి, సూప్ మొత్తం తయారయ్యేదాకా అందులో ఉప్పు వేయకండి.