చిన్న విమానంలో ఫోన్, రేడియో

పైలట్ ట్రైనింగ్‌లో ఉన్న మన కోనసీమ పిల్లలకు ఒక మాట. ఇంజిన్ స్టార్ట్ చేయకముందే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. అది సిగ్నల్ వెతుక్కుంటుంటే హెడ్‌సెట్‌లో గరగర వచ్చి, టవర్ (విమానాశ్రయ కంట్రోల్ కేంద్రం) చెప్పిన అంకె సరిగ్గా వినపడకపోవచ్చు. దిక్సూచి పక్కన అసలు పెట్టొద్దు. ఫోన్ స్పీకర్లోని అయస్కాంతం దాన్ని తప్పుదారి పట్టిస్తుంది.

రేడియోలో ఎక్కడున్నారో కచ్చితంగా చెప్పండి. "గోదావరి మీద ఉన్నాం" అంటే ఎవరికీ ఉపయోగం లేదు. ధవళేశ్వరం దాటాక గౌతమి, వశిష్ఠ విడిపోతాయి కదా, ఏ పాయ అనుకోవాలి? "రాజమండ్రికి దక్షిణాన 10 మైళ్లు, ఎత్తు 2,000 అడుగులు" అనాలి. టవర్ చెప్పిన ఎత్తు, రన్‌వే నంబరు తిరిగి అప్పజెప్పండి. అర్థం కాకపోతే మొహమాటం వద్దు, వెంటనే "సే అగైన్" (మళ్లీ చెప్పండి) అనండి. రేడియో పూర్తిగా పోతే ట్రాన్స్‌పాండర్‌లో, అంటే రాడార్‌కు విమానం కోడ్ పంపే పరికరంలో, 7600 పెట్టాలి; రేడియో పోయిందని దాని అర్థం.