వారానికో ఇంగ్లీషు మాట – 8: టేక్ అంటే ‘తీసుకో’ ఒక్కటే కాదు

ముందు పోయిన వారం హోంవర్క్ సంగతి చూద్దాం. ‘గెట్’ మీద మూడు వాక్యాలు ఇచ్చాను కదా. ‘ఐ డోంట్ గెట్ ఇట్’ అంటే నాకు దొరకలేదని కాదు, అర్థం కాలేదని. ‘గెట్ ఓవర్ ఇట్’ అంటే ఇక దాన్ని వదిలెయ్, అందులోంచి బయటపడు అని. మూడోది ‘వి ఆర్ గెటింగ్ దేర్’. అక్కడికి చేరుకుంటున్నాం అని మీరు రాసుంటే తప్పు కాదు గానీ, ఎక్కువగా దాన్ని వాడేది ‘పని ఇంకా అవ్వలేదు గానీ ఒక కొలిక్కి వస్తోంది’ అనడానికి.

ఈ వారం మాట టేక్. బళ్ళో మనకి దీని గురించి చెప్పింది ఒక్కటే, టేక్ అంటే తీసుకొను అని. టేక్, టుక్, టేకెన్ అని కోరస్‌గా అరిపించారు, అక్కడితో సరి. ఆ ఒక్క అర్థంతో నేను చాలా ఏళ్ళు నెట్టుకొచ్చాను, ఉద్యోగంలో చేరేదాకా.

చేరిన కొత్తలో ఒకరోజు మా పై ఆఫీసరు నా టేబుల్ దగ్గరికొచ్చి ‘ఐ టేక్ ఇట్ యూ హావ్ ఫినిష్డ్ ది రిపోర్ట్’ అన్నాడు. నాకు వినబడింది మొదట్లో ఐ టేక్ ఇట్, చివర్లో రిపోర్ట్. ఓహో, రిపోర్టు తీసుకెళ్తానంటున్నాడు కాబోలు అనుకుని, సగమే పూర్తయిన కాయితాల్ని, పెన్సిల్ గీతలతో సహా, లేచి నిలబడి మరీ రెండు చేతులతో అందించాను. ఆయన కాయితాల వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్ళీ కాయితాల వంక చూశాడు. ఆయన అడిగింది ‘రిపోర్టు అయిపోయినట్టే లెక్కా?’ అని. ఐ టేక్ ఇట్ అంటే అక్కడ ‘నేను అలా అనుకుంటున్నాను, అంతేగా?’ అని అర్థం, ఎవరూ ఏదీ తీసుకోవట్లేదు.

ఆ తర్వాత టేక్ ఎక్కడ కనబడినా ఆగి చూడటం అలవాటైంది. అలా చూస్తూ చూస్తూ నాకు తోచిన చిట్కా ఒకటుంది, ఈ పాఠమంతా దాని మీదే నడుస్తుంది. టేక్‌కి ‘తీసుకో’ కుదరని చోట ‘పట్టు’ పెట్టి చూడండి. అన్నిచోట్లా కాదు గానీ, చాలాచోట్ల తాళం తెరుచుకుంటుంది.

దీనికి కారణం కూడా ఉంది. టేక్ అసలు ఇంగ్లీషు మాట కాదు. పాత ఇంగ్లీషులో తీసుకోవడానికి ‘నిమన్’ అనేవాళ్ళు, జర్మన్‌లో ఇప్పటికీ ‘నేమెన్’ అంటారు చూడండి, దానికి చుట్టం. 793లో లిండిస్‌ఫార్న్ మఠాన్ని దోచుకోవడంతో మొదలుపెట్టి వైకింగులు, అంటే స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చిన దోపిడీగాళ్ళు, ఇంగ్లండు మీద పడ్డారు, తర్వాత అక్కడే పొలాలు చేసుకుని ఉండిపోయారు, 1016 వచ్చేసరికి వాళ్ళ క్నూట్ ఏకంగా రాజే అయ్యాడు. వాళ్ళ నార్స్ భాషలోంచి వచ్చిందే ‘టాకా’. దానికి తాకడం, పట్టుకోవడం, లాక్కోవడం అనే అర్థాలున్నాయి. వచ్చి మెల్లగా నిమన్‌ని ఇంట్లోంచి వెళ్ళగొట్టేసింది. నిమన్ తాలూకు అవశేషాలు రెండు మిగిలాయి. ఒకటి ‘నంబ్’, అంటే తిమ్మిరి పట్టిన, మొద్దుబారిన. రెండోది ‘నింబుల్’, అంటే చురుకైన, చటుక్కున పట్టేవాడన్నమాట. పనిలో పనిగా ఇంకో ముచ్చట: విండో కూడా వైకింగుల మాటే, గాలి కన్ను అని దాని అర్థం. మన గవాక్షంలోనూ కన్ను ఉంది గానీ అది ఆవుది.

సరే, అసలు విషయానికొద్దాం. అన్నిటికంటే ఎక్కువగా మనవాళ్ళు తప్పు చేసేది టైం దగ్గర. ‘టైం పడుతుంది’ అనేది మన నాలుక చివరే ఉంటుంది, దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దింపి ‘టైం విల్ టేక్’ అంటాం. ఫోన్లో డెలివరీ బాబు దగ్గర్నుంచి అమెరికా క్లయింటుతో మాట్లాడే టీమ్ లీడ్ దాకా ఇది విన్నాను. పడుతుంది, పట్టింది, పట్టదు, ఇవన్నీ పట్టు అనే క్రియవే కదా. ఇప్పుడు ఎవరు ఎవర్ని పడుతున్నారో చూడండి. పని పట్టేది, టైం పట్టుబడేది. ఇంగ్లీషులో ఆ పట్టేవాడు ముందు రావాలి, పట్టుబడినది తర్వాత రావాలి. అందుకే ‘ది వర్క్ విల్ టేక్ టైం’. పట్టేదాని పేరు చెప్పక్కర్లేకపోతే ఆ కుర్చీలో ‘ఇట్’ని కూర్చోబెట్టాలి: ‘ఇట్ విల్ టేక్ టైం’. హైదరాబాద్ నుంచి విజయవాడకి ఐదు గంటలు పడుతుంది అనాలంటే ‘ఇట్ టేక్స్ ఫైవ్ అవర్స్’. నాకు ఆరు గంటలు పట్టింది అంటే ‘ఇట్ టుక్ మీ సిక్స్ అవర్స్’, నాకు అనే ముక్క ఇంగ్లీషు ‘మీ’ అయి టుక్ పక్కనే అతుక్కుంటుంది, ‘ఫర్ మీ’ అక్కర్లేదు. ఈ ఒక్క వాక్యాన్ని గట్టిగా పదిసార్లు పైకి అనుకోండి. సిగ్గుపడకండి, తలుపేసుకుని అనుకోండి.

టైమొకటే కాదు, ఏం కావాలన్నా ఇదే అచ్చు. ‘ఇట్ టేక్స్ గట్స్’ అంటే దానికి దమ్ముండాలి. ‘ఇట్ టేక్స్ టూ టు మేక్ ఎ క్వారెల్’ అంటే మన రెండు చేతులు కలిస్తేనే చప్పుడు. ‘దిస్ హాల్ టేక్స్ టూ హండ్రెడ్ పీపుల్’, ఈ హాల్లో రెండొందల మంది పడతారు. చూశారా, మళ్ళీ మన పట్టడమే. మొక్కకి అంటు కట్టిన కొన్నాళ్ళకి చిగురొస్తే ‘ది గ్రాఫ్ట్ హాజ్ టేకెన్’ అంటారు, అంటు పట్టింది. ‘టేక్ రూట్’ అంటే వేరు పట్టడం. ఇక్కడ తీసుకోవడం పెట్టి చూడండి, నవ్వొస్తుంది.

బ్రింగ్‌కీ టేక్‌కీ తేడా ఏంటని పెద్ద పెద్ద గ్రామర్ పుస్తకాలు పేజీలు పేజీలు రాస్తాయి. మనకి అదో సమస్యే కాదు. గోదావరి వైపు పట్టుకురా, పట్టుకెళ్ళు అంటారు, తెలంగాణలో పట్కరా, పట్కపో. వచ్చేది బ్రింగ్, పోయేది టేక్. అయిపోయింది పాఠం.

మన నోటి అలవాటు ఇంగ్లీషుని ఎక్కడెక్కడ దారి తప్పిస్తుందో కూడా చూడాలి. లీవు ‘పెడతాం’ కాబట్టి ‘ఐ పుట్ లీవ్’ అంటాం, అది ‘ఐ టుక్ లీవ్’ కావాలి, ఒక్కరోజే అయితే ‘ఐ టుక్ ఎ డే ఆఫ్’. పరీక్ష ‘రాస్తాం’ కాబట్టి రైట్ అంటాం, ఉత్తరాదివాళ్ళు హిందీ అలవాటు కొద్దీ గివ్ అంటారు. ఇంగ్లండు, అమెరికాల్లో రాసేవాడు పరీక్షని టేక్ చేస్తాడు, పెట్టేవాడు గివ్ చేస్తాడు, ఉత్తరాదివాళ్ళు అనేదానికి సరిగ్గా తలకిందులు. మందు బిళ్ళ ‘వేసుకుంటాం’, అదీ టేకే. కానీ టిఫిను దగ్గర మాత్రం ‘ఐ టుక్ బ్రేక్‌ఫాస్ట్’ అంటే తప్పని కాదు గానీ పాతకాలపు దొరలా వినబడుతుంది, ‘హ్యాడ్’ అంటే చాలు. టీలో చక్కెర వేసుకుంటారా అని అడగడానికి మాత్రం ‘డు యూ టేక్ షుగర్?’ అని బ్రిటన్‌లో ఇంకా అంటారు.

ఫోటో సంగతి కాస్త జాగ్రత్త. మనకి ఫోటో తీయడం వేరు, ఫోటో దిగడం వేరు. పెళ్ళిలో హీరో కనబడితే అతనితో ఫోటో దిగొచ్చి, ఆఫీసులో ‘ఐ టుక్ ఎ ఫోటో విత్ హిమ్’ అంటాం. సెల్ఫీ అయితే పర్వాలేదు. వేరేవాళ్ళు తీస్తే ‘ఐ హ్యాడ్ మై ఫోటో టేకెన్’ అనడం పద్ధతి. దిగడానికి ఇంగ్లీషులో విడిగా మాట లేదు పాపం, ఇంత తిప్పాల్సి వస్తుంది.

ఇంకోటి, ఇది రిపోర్టుల్లో, మెయిళ్ళలో, ఆఖరికి పేపర్లలో కూడా కనబడే తప్పు: ‘ది మీటింగ్ వాజ్ టేకెన్ ప్లేస్’. మీటింగ్ దానంతటది జరగదు, ఎవరో జరుపుతారు కాబట్టి వాజ్ పెట్టాలి అని మన లెక్క. కానీ టేక్ ప్లేస్ అంటే జరగడం, జరపడం కాదు. వాన కురిసింది, మీటింగ్ జరిగింది, రెండూ ఒకే బాపతు. కాబట్టి ‘ది మీటింగ్ టుక్ ప్లేస్’, అంతే. వాజ్ కావాలని అంత ముచ్చటగా ఉంటే ‘వాజ్ హెల్డ్’ అనండి.

సినిమావాళ్ళ టేక్ మనకి బాగా అలవాటైన మాట. క్లాప్ బోర్డు మీద షాట్ ఎన్నోసారి తీస్తున్నారో రాస్తారు, అదే టేక్ నంబరు. దాని పక్కనే మనం ‘టేకింగ్ బాగుంది’ అని ఇంకో మాట పుట్టించుకున్నాం, దర్శకుడు తీసిన తీరు బాగుందని. ఇంగ్లీషులో ఆ అర్థం లేదు. పైగా చివర ఎస్ తగిలించి టేకింగ్స్ అంటే బ్రిటిష్‌వాళ్ళకి వసూళ్ళు. టేకింగ్ బాగుండి టేకింగ్స్ లేని సినిమాలు మనకి తక్కువేం లేవు. ‘వాట్స్ యువర్ టేక్?’ అంటే దీనిమీద నువ్వేమంటావ్ అని.

లైట్ తీస్కో అనే మన హైదరాబాదీ మాటని కొందరు ‘టేక్ లైట్’ అనేస్తారు. దానికి అసలు మాట ‘టేక్ ఇట్ ఈజీ’ లేదా ‘డోంట్ టేక్ ఇట్ సీరియస్‌లీ’. పొరపాటున నైజీరియావాళ్ళ దగ్గర టేక్ లైట్ అన్నారో, కరెంటు పోయిందనుకుంటారు, అక్కడ ‘దే హావ్ టేకెన్ లైట్’ అంటే కరెంటు తీసేశారని. ‘డోంట్ టేక్ టెన్షన్’ కూడా మన సరుకే. మనలో మనం అనుకుంటే ఏం కాదు, బయట ‘డోంట్ వర్రీ’ అనండి. ‘ఐ కాంట్ టేక్ ఇట్ ఎనీ మోర్’ అంటే మాత్రం ఇక తట్టుకోలేను, నావల్ల కాదు అని.

ఇక టేక్ పక్కన ఆఫ్, ఇన్, ఆఫ్టర్ లాంటి పొట్టి ముక్కలు చేరితే వేరే కథ. అన్నీ ఇవాళే మింగితే అరగదు, మూడు చాలు. ఆఫ్ చేరితే విమానం లేస్తుంది, చొక్కా విప్పేస్తాం, వ్యాపారం పుంజుకుంటుంది, దొంగ ఉడాయిస్తాడు. నాలుగింటిలోనూ ఏదో ఒకటి ఉన్నచోటు నుంచి ఊడి పోతోంది, అదే గుర్తు. ఆఫ్టర్ చేరితే పోలిక: ‘షీ టేక్స్ ఆఫ్టర్ హర్ గ్రాండ్‌మదర్’ అంటే పిల్లకి నాయనమ్మ పోలికలొచ్చాయి, నాయనమ్మని చూసుకుంటోందని కాదు, అది లుక్ ఆఫ్టర్. ఇన్ దగ్గర నాకు బాగా నచ్చిన అర్థం దర్జీలది. జాకెట్టు వదులైతే సైడు కుట్లు వేసి బిగిస్తారు చూడండి, అదే ‘టేక్ ఇన్’. ఒళ్ళు చేసి ఆ కుట్లు విప్పించుకుంటే ‘లెట్ అవుట్’. మా ఇంట్లో రెండోదే ఎక్కువ జరుగుతుంది. అదే ఇన్ మనిషికి తగిలితే, ‘హి వాజ్ టేకెన్ ఇన్’ అంటే నమ్మి మోసపోయాడు.

ఈ వారం హోంవర్క్ నాలుగు వాక్యాలు. మొదటివి రెండూ తెలుగులోకి మార్చండి, మాటకి మాట కాదు, మీ ఇంట్లో అయితే ఎలా అంటారో అలా: ‘ది చైల్డ్ టుక్ టు హర్ న్యూ టీచర్’. ‘ది ఇన్వెస్టర్స్ టుక్ ఎ బాత్’, ఇందులో స్నానం లేదు గానీ మునగడం ఉంది. మిగతావి ఇంగ్లీషులోకి: ‘ఈ పని నాకు రెండు రోజులు పట్టింది’. ‘నిన్న మా వీధిలో యాక్సిడెంట్ జరిగింది’. రాసుకుని దాచండి, వచ్చే వారం సరిచూద్దాం.

వచ్చే వారం మాట రన్. ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీవాళ్ళు 2011 నాటికి దానికి క్రియగానే 645 అర్థాలు లెక్క తేల్చారు. మనం ఓ పాతిక చూద్దాం.