ప్రాణహిత ఇసుకలో కాళ్ళ కింద చూసి నడవండి

వేసవిలో సిరొంచ దగ్గర ప్రాణహితకు పిల్లలతో వెళ్తున్నారా? మార్చి నుంచి మే దాకా నది మధ్య తేలిన ఇసుక దిబ్బల మీద రివర్ టర్న్‌లు అనే నీటి పిట్టలు, తీతువు పిట్టలు గుడ్లు పెడతాయి. గూడంటూ ఏమీ ఉండదు. ఇసుకలో చిన్న గుంట, అందులో మచ్చల మచ్చల గుడ్లు, అచ్చం గులకరాళ్ళే. అడుగు దూరంలో ఉన్నా ఒకసారి నాకు కనబడలేదు. తలుచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది.

పసుపు ముక్కు, నల్ల టోపీ పెట్టినట్టున్న తల, చీలిన తోక ఉన్న పిట్ట, అంటే రివర్ టర్న్, మీ తల మీద తిరుగుతూ అరుస్తోందంటే గుడ్లు దగ్గర్లోనే ఉన్నాయన్నమాట. వెతక్కండి. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి. ఆ పిట్టలు పొట్ట ఈకలు నీళ్ళలో తడుపుకొచ్చి మరీ గుడ్లను చల్లబరుస్తాయి. మనం అక్కడే నిలబడి ఫోటోలు తీస్తుంటే పాపం దగ్గరికి రాలేవు, ఆ ఎండకి గుడ్లు పాడైపోతాయి.

స్నానాలు, భోజనాలు ఒడ్డునే పెట్టుకోండి. మిగిలిన అన్నం అక్కడ పారేయకండి, కాకులూ కుక్కలూ చేరతాయి. ఎగువన వార్ధా, వైన్‌గంగ కలిసే చోట ఉన్న చప్రాలా అభయారణ్యానికి వెళ్ళినా ఇదే జాగ్రత్త.