మోడల్ విమానం మాట వినకపోతే ఎక్కడ చూడాలి

కాలేజీ ప్రాజెక్టు కోసమో, సరదాకో ఫోమ్ బోర్డుతో విమానం కట్టేవాళ్ల దగ్గర సామాను దాదాపు ఒకటే ఉంటుంది: ఏ2212 మోటార్, మోటార్ వేగాన్ని అదుపు చేసే 30 ఆంప్ ఈఎస్‌సీ, రెక్క, తోక పలకలని కదిపే 9 గ్రాముల సర్వోలు, త్రీ సెల్ లైపో బ్యాటరీ. మొదటి రోజు వచ్చే ఇబ్బందులు కూడా దాదాపు అవే. గాల్లో ఏదో తేడాగా ఉందనిపించగానే వేలు రిమోట్ మీది ట్రిమ్ బటన్ మీదకు పోతుంది. స్టిక్ వదిలేసినప్పుడు పలకలు ఎక్కడ నిలవాలో కాస్త సర్దే బటన్ అది. ట్రిమ్‌తో ఆ పూటకి విమానం తిన్నగా పోతుంది, కానీ స్పీడు మారగానే అదే తేడా మళ్లీ బయటపడుతుంది. అందుకే ట్రిమ్ జోలికి చివర్లో వెళ్లండి. ముందు బరువు, తర్వాత రెక్క-తోక కోణాలు, ఆ తర్వాత మోటార్ కోణం చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు.

కింది లెక్కలన్నీ ఒకే విమానానివి: రెక్క పైన ఉండే ట్రైనర్, ఈ చివరి నుంచి ఆ చివరికి 120 సెం.మీ., రెక్క వెడల్పు అంతటా 20 సెం.మీ., మొత్తం బరువు 900 గ్రాములు.

ఎలివేటర్ కాస్త కదిపితే చాలు, ముక్కు ఎగిరిపడుతోంది

ఎలివేటర్ అంటే ముక్కుని పైకీ కిందకీ తిప్పే తోక పలక. అది ఇలా చేస్తోందంటే తోక బరువు ఎక్కువైంది. సీజీ, అంటే విమానం బరువంతా తూగే చోటు, వెనక్కి జరిగి, తను దాటకూడని హద్దయిన న్యూట్రల్ పాయింట్‌కి దగ్గరైంది. గాలి తాకిడికి ముక్కు లేచినప్పుడు దాన్ని మళ్లీ దించే బలం తోక నుంచి రావాలి. సీజీ న్యూట్రల్ పాయింట్‌ని దాటి వెనక్కి పోతే ఆ బలం ఉండదు సరికదా, లేచిన ముక్కు ఇంకా లేస్తుంది. 1903 డిసెంబరు 17న రైట్ సోదరుల ఫ్లయర్ పైకీ కిందకీ ఊగుతూ ఎగరడానికి ముఖ్య కారణం ఇదే. వాళ్లు గ్లైడర్ల మీద ఏళ్లతరబడి చెయ్యి తిప్పుకున్నవాళ్లు కాబట్టి నిలబెట్టగలిగారు.

మన ట్రైనర్‌కి సీజీ రెక్క ముందు అంచు నుంచి 5 సెం.మీ. దగ్గర ఉంటే మొదటి ఫ్లైట్‌కి భయం లేదు. వెడల్పులో అది 25 శాతం. అలవాటయ్యాక 6 దాకా పోవచ్చు. సీసం ముక్క అతికించే ముందు బ్యాటరీని జరిపి చూడండి. 180 గ్రాముల బ్యాటరీ 5 సెం.మీ. ముందుకు జరిగితే 180ని 5తో గుణించి 900తో భాగించాలి: సీజీ సరిగ్గా 1 సెం.మీ. ముందుకొస్తుంది. విమానం స్వభావం మారిపోవడానికి అది చాలు. తోక దగ్గర జిగురు, టేపు పొదుపుగా వాడమనేది కూడా ఇందుకే. సీజీకి 60 సెం.మీ. వెనక పడిన ఒక్క గ్రాముని తూచడానికి 20 సెం.మీ. ముందున్న ముక్కులో మూడు గ్రాములు పెట్టాలి.

సీజీ సరిగ్గానే ఉన్నా ఇలాగే చేస్తుంటే తోక చిన్నదై ఉంటుంది. తోక వైశాల్యాన్ని రెక్క నుంచి తోకకున్న దూరంతో గుణించి, రెక్క వైశాల్యం, వెడల్పుల లబ్ధంతో భాగించండి. మన ట్రైనర్‌లో 480 చదరపు సెం.మీ. తోక 60 సెం.మీ. దూరంలో ఉంటే 0.6 వస్తుంది, హాయిగా ఎగురుతుంది. 0.35 కంటే తగ్గితే తోక పెంచండి, లేదా బాడీ పొడవు పెంచండి.

ల్యాండింగ్‌లో స్టిక్ పూర్తిగా లాగినా ముక్కు లేవడం లేదు

ఇది ముక్కు బరువు. తోక బరువంత ప్రమాదం కాదు గానీ, ల్యాండింగ్ గేర్ విరిగేది ఎక్కువగా ఇక్కడే. బ్యాటరీని కొంచెం కొంచెంగా వెనక్కి జరపండి, ప్రతిసారీ డైవ్ టెస్ట్ చేయండి. సగం థ్రాటిల్‌లో తిన్నగా పోయేలా పెట్టుకుని, బాగా ఎత్తుకు తీసుకెళ్లి, థ్రాటిల్ తీసేసి, ముక్కుని 30 డిగ్రీలు దించి స్టిక్ వదిలేయండి. మెల్లగా తనంతట తాను పైకి వస్తే సీజీ సరిపోయింది. గబుక్కున లేస్తే ముక్కు బరువుగా ఉంది, దాన్ని ఎలివేటర్ ట్రిమ్‌తో ఎత్తి పట్టుకున్నారు. డైవ్ ఇంకా నిటారుగా మారుతుంటే తోక బరువు. అలా అనిపించిన క్షణమే స్టిక్‌ని నెమ్మదిగా లాగి బయటకు తీయండి.

థ్రాటిల్ పెంచగానే ముక్కు పైకి పోతోంది

దీనికి కారణాలు రెండు. చాలామంది తేడా చూడకుండా మోటార్‌ని వంచేస్తారు. థ్రాటిల్ ఇచ్చిన క్షణమే, స్పీడు అందుకోకముందే ముక్కు లేస్తే తప్పు మోటార్ కోణానిది. ఒకటి రెండు సెకన్లు ఆగి, స్పీడు పెరిగాక లేస్తే అది పైన చెప్పిన ముక్కు బరువే. స్పీడు పెరిగేకొద్దీ ఎలివేటర్ ట్రిమ్ బలం కూడా పెరిగి ముక్కుని ఎత్తేస్తుంది.

మోటార్ కోణమే అయితే మౌంట్ పై స్క్రూల వెనక వాషర్లు వేయండి, షాఫ్ట్ కిందకి చూస్తుంది. పై స్క్రూలకీ కింది స్క్రూలకీ మధ్య 3 సెం.మీ. ఉంటే 1 మి.మీ. వాషర్‌కి దాదాపు 2 డిగ్రీలు వస్తుంది. రెక్క పైన ఉండే ట్రైనర్లకి 2 నుంచి 3 డిగ్రీలు సాధారణం.

చేతి నుంచి వదలగానే ఎడమకి పడిపోతోంది

వెనక నుంచి చూస్తే ప్రొపెల్లర్ గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది, బాడీ దానికి ఎదురు తిరగాలని చూస్తుంది. లాంచ్‌లో థ్రాటిల్ నిండుగా, స్పీడు తక్కువగా ఉంటుంది కాబట్టి అప్పుడే ఎక్కువ తెలుస్తుంది. మోటార్‌ని 2 డిగ్రీలు కుడికి తిప్పండి. థ్రాటిల్ పూర్తిగా తీసేసినా ఎడమకే వాలుతుంటే మోటార్‌ని అనుమానించకండి. రెక్కని వెనక నుంచి కళ్ల ఎత్తులో పట్టుకుని చూడండి, ఒక పక్క మెలి తిరిగి ఉంటుంది. లేదా ఒక రెక్క బరువెక్కువ ఉంటుంది. రెక్క వెనక అంచున కదిలే పలకలు, అంటే ఏలరాన్లు, రివర్స్ కాలేదని ప్రతి ఫ్లైట్ ముందూ చూడటం తప్పనిసరి: స్టిక్ కుడికి తోస్తే కుడి ఏలరాన్ పైకి లేవాలి.

నెమ్మదిగా మలుపు తిప్పుతుంటే ఒక రెక్క హఠాత్తుగా జారి, గిర్రున కిందకి వస్తోంది

నన్నడిగితే ఎక్కువ విమానాలు పోయేది దీనివల్లే, ల్యాండింగ్‌కి చివరి మలుపులో. రెక్క చివర ముందుగా స్టాల్ అవుతోంది, అంటే అక్కడ గాలి రెక్కని విడిచిపెట్టి ఎత్తే బలం పోతోంది. మన ట్రైనర్ తిన్నగా ఎగిరేటప్పుడు సెకనుకి సుమారు 7.5 మీటర్ల దగ్గర, అంటే గంటకి 27 కిలోమీటర్ల దగ్గర స్టాల్ అవుతుంది. 45 డిగ్రీలు వాల్చి తిప్పితే అది 32కి చేరుతుంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో హైదరాబాద్‌లో ఎగరేస్తే గాలి ఇంకా పలచన. చలికాలం ఉదయం విజయవాడలో ఉండే గాలి సాంద్రతతో పోలిస్తే 13 శాతం దాకా తక్కువ, కాబట్టి స్టాల్ స్పీడు ఇంకో 7 శాతం పెరుగుతుంది. డిసెంబరులో సాఫీగా దిగిన విమానం మే నెలలో జారిందంటే ఆశ్చర్యం లేదు.

జారుతున్న రెక్కని ఏలరాన్‌తో ఎత్తాలని చూస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. ఆ పక్క ఏలరాన్ కిందకి దిగుతుంది, అసలే స్టాల్ అంచున ఉన్న రెక్క చివరకి కోణం ఇంకా పెరుగుతుంది. లాగిన ఎలివేటర్‌ని వదిలి, థ్రాటిల్ ఇచ్చి, వాలిన దిశకి ఎదురుగా రడ్డర్ (నిలువు తోక మీద కదిలే పలక) కొట్టాలి. ఇది చేతికి రావాలంటే ఎత్తులో కావాలని స్టాల్ చేసి సాధన చేయాల్సిందే.

శాశ్వతంగా తగ్గాలంటే రెక్క చివర వెనక అంచుని 2-3 డిగ్రీలు పైకి మెలిపెట్టండి. దీన్నే వాషౌట్ అంటారు. రెక్క కట్టేశాక అది కుదరకపోతే రెండు ఏలరాన్లనీ 1-2 మి.మీ. పైకి లేపి పెట్టండి. కొత్త డిజైన్ గీస్తుంటే అందం కోసం రెక్క చివర్లని సన్నగా చేయకండి. మోడల్ సైజులో సన్నటి చివర మీద గాలి త్వరగా విడిపోతుంది.

కుడికి తిప్పితే ముక్కు ముందు ఎడమకి పోతోంది

దిగిన ఏలరాన్ ఆ పక్క లిఫ్ట్‌తోపాటు డ్రాగ్ (గాలి నిరోధం) కూడా పెంచి వెనక్కి లాగుతోంది. ఏలరాన్ పైకి 12 మి.మీ. లేస్తే కిందకి 6 మాత్రమే దిగేలా చేయండి. ఏలరాన్‌కి ఒక సర్వో చొప్పున ఉంటే ఇది ట్రాన్స్‌మిటర్ సెట్టింగ్‌లోనే అయిపోతుంది. రెండింటికీ కలిపి ఒకటే సర్వో ఉంటే దాని నుంచి ఏలరాన్లకి వెళ్లే పుష్‌రాడ్‌లని సర్వో చక్రం మీద నడిమి గీతకి కాస్త ముందుకో వెనక్కో ఉన్న రంధ్రాల్లో తగిలించాలి. ఏ వైపో బల్ల మీద కదిపి చూస్తే తెలుస్తుంది. మలుపులో కొంచెం రడ్డర్ కలపడం ఎలాగూ నేర్చుకోవాలి.

తోక అటూ ఇటూ ఊగుతూ రెక్కలు కూడా వాలుతున్నాయి

నిలువు ఫిన్ చిన్నది, లేదా రెక్కలు రెండు పక్కలా పైకి లేచిన కోణం, అంటే డైహెడ్రల్, ఎక్కువ. ఫిన్ పెంచి చూడండి. దీనికి వ్యతిరేకం: స్టిక్ వదిలేస్తే మలుపు తనంతట తానే బిగుసుకుంటూ పోవడం. అప్పుడు డైహెడ్రల్ కాస్త పెంచాలి.

డైవ్‌లో బర్రుమని శబ్దం

ఇది ఫ్లట్టర్, అంటే గాలి వేగానికి పలకలు గడగడా వణకడం. వెంటనే థ్రాటిల్ తీసి నెమ్మదిగా ముక్కు ఎత్తండి, దిగేయండి. ఇంకో రౌండ్ కొట్టకండి. కింద సర్వో ఆన్‌లో ఉంచి ఏలరాన్, ఎలివేటర్ అంచులని వేలితో కదిపి చూడండి. లూజుంటే కారణం దొరికినట్టే. పుష్‌రాడ్‌ని సర్వో ఆర్మ్‌లో లోపలి రంధ్రానికి, పలకకి అతికిన కంట్రోల్ హార్న్‌లో బయటి రంధ్రానికి మార్చండి. పొడవాటి సన్న వైరు వంగుతుంటే గట్టిది వేయండి. హింజ్ గ్యాప్‌ని టేపుతో మూయండి.

కనార్డ్ కట్టాను, పైవేవీ సరిపోవడం లేదు

చిన్న రెక్క ముందున్న విమానంలో సీజీని పెద్ద రెక్క 25 శాతం దగ్గర పెడితే అది ఎగరదు. పెద్ద రెక్కకి ముందే ఉండాలి. ముందు రెక్క ముందుగా స్టాల్ అయితేనే ముక్కు దానంతట అది దిగి విమానం తేరుకుంటుంది. అందుకే ఇందులో సీజీ వెనక్కి పోవడం మామూలు విమానం కంటే ప్రమాదకరం. బర్ట్ రుటాన్ డిజైన్ చేసిన వేరీఈజీ, లాంగ్-ఈజీ లాంటి హోమ్‌బిల్ట్ విమానాల్లో ముందు రెక్కకి మొదట వాడిన ఎయిర్‌ఫాయిల్ వర్షంలో తడిస్తే లిఫ్ట్ కోల్పోయేది, ముక్కు దిగేది, పైలట్ స్టిక్ వెనక్కి పట్టుకోవాల్సి వచ్చేది. జాన్ రాంక్జ్ గీసిన కొత్త ఎయిర్‌ఫాయిల్‌తో ఆ ఇబ్బంది తీరింది. కనార్డ్ మోడల్ కట్టేవాళ్లు ముందు రెక్క అంచుని నున్నగా సాండింగ్ చేయాలి. అతుకు టేపు ఆ అంచు మీద పడకుండా చూసుకోవాలి. మొదటి ఫ్లైట్‌కి సీజీని లెక్కలో వచ్చిన చోటు కంటే కాస్త ముందే పెట్టుకోవాలి.